ఇల్లు మారిన కాపరి

చిత్తూరునుంచి పీలేరు, కడపల మీదుగా కర్నూలుకు పోయే పెద్దబాటనుండి తిరుపతి బాట చీలే చోట పూతలపట్టు ఉన్నది. తమిళ కంబరామాయణాన్ని తెలుగు చేసిన కవి పూతలపట్టు శ్రీరాములురెడ్డిగారి ఇంటిపేరుగా ఈ ఊరిపేరు సాహిత్యప్రియులకు పరిచితమే. ఈ ప్రాంతమంతా మామిడితోపులు, చెరకుతోటలు, వేరుశనగ చేలు. వాటి వెనుక రాతిగుట్టలు. పైరు కోసిన తరువాత చేలలో గొర్రెలమందలు దిగుతాయి. రైతు తన పొలంలో రాత్రిపూట మంద కట్టించుకొని, ఆ ఎరువుకు ప్రతిఫలంగా కాపరికి గింజలో రొక్కమో ముట్టజెప్పడం రాయలసీమలో తరతరాల ఆచారం. కంబళి కప్పుకొని, కర్రకు ఆనుకొని నిలుచున్న ఆ కాపరికి తోడుగా ఒక కుక్క ఉండడమూ అంత పాత ఆచారమే.

ఆ కుక్క గొర్రెలను తోలదు. తోలే పని కాపరి కేకది, కర్రది. కుక్క పని కావలి. నక్క వచ్చినా, తోడేలు వచ్చినా, దొంగ వచ్చినా ముందుగా పసిగట్టి మొరగడం, అవసరమైతే కలియబడడం దాని ధర్మం. మనదేశంలో మందతో తిరిగే కుక్కలలో ఎక్కువభాగం ఈ కోవకు చెందినవే. మందను కాచే కుక్క వేరు, మందను తోలే కుక్క వేరు. చూపులకు రెండూ కుక్కలే అయినా వాటి స్వభావాలకు ఎంతో వ్యత్యాసమున్నది. ఈ వ్యత్యాసం తెలియకపోవడం వలననే నేడు మన పట్టణాలలో ఎన్నో మంచి కుక్కలు ఇల్లు కోల్పోతున్నవి.

తోలే కుక్క పుట్టుక చిత్రమైనది. తోడేలు వేటలో కొన్ని మెట్లు ఉన్నవి. వేటను చూడడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, కరవడం, చంపడం. కాపరులు శతాబ్దాలపాటు ఎంచి ఎంచి జతకట్టించి, మొదటి మెట్లను ఉంచి చివరి మెట్లను తుడిచివేశారు. వేటాడే మృగంలోని వేటనే తీసికొని రక్షణగా మార్చుకొన్నారు. ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండలలో పెరిగిన బార్డర్ కోలీ నేలకు ఒదిగి, చూపుతోనే గొర్రెలను కదలిస్తుంది. 1893లో నార్తంబర్లండులో పుట్టిన ‘ఓల్డ్ హెంప్’ అనే కుక్కను ఆ జాతికి మూలపురుషుడుగా చెబుతారు. జర్మనీ గొర్రెలకుక్కది మరొక పద్ధతి. అక్కడ మేత బీళ్ల ప్రక్కనే పైరుచేలు ఉండేవి, కంచెలు లేవు. ఆ కుక్క చేనిగట్టు వెంబడి ఉదయంనుంచి సాయంత్రంవరకు ఇటునుంచటు, అటునుంచిటు నడుస్తూ, గొర్రె గట్టు దాటకుండ చూచేది. అది నాలుగు కాళ్ల కంచె. మనవారు అల్సేషియన్ అని పిలిచే కుక్క ఇదే.

తెలుగునాటను తోలే కుక్క లేకపోలేదు. కోస్తా జిల్లాలలో, ముఖ్యంగా కొల్లేటి పరిసరాలలో, జొనంగి అనే జాతి ఉన్నది. పొట్టి వెండ్రుకలు, సన్నని దేహం, చురుకైన నడక. బాతులను మేపుకొనేవారు ఆ గుంపులను చేలకు, నీటి పట్టులకు తోలడానికి దానిని వాడుకొన్నారు. అది మొరగడంకంటె రాగం తీసినట్లు కూయడం ఎక్కువ. నేలలో గుంట త్రవ్వుకొని పడుకోవడం దాని అలవాటు. పరదేశపు జాతులమీది మోజులో ఇంటి జాతి మరుగునపడింది.

ఇంకా వెనుకకు పోతే, మన వాఙ్మయంలో మొట్టమొదటి కుక్క కూడా పశువులను వెదకిన కుక్కయే. ఋగ్వేదంలో పణులు దాచిన గోవుల జాడ తీయడానికి ఇంద్రుడు సరమను పంపుతాడు. ఆమె రస అనే నదిని దాటిపోయి వాటిని కనుగొంటుంది. తమ చెల్లెలుగా ఉండిపొమ్మని, గోవులలో పాలు పంచియిస్తామని పణులు ఆశచూపినా ఆమె లొంగదు. ఆ సరమ సంతానమే సారమేయాలని కుక్కలకు పేరు.

అట్టి తోలేజాతి కుక్కను పట్టణంలో మూడు గదుల ఇంటిలో పెట్టినప్పుడు ఏమి జరుగుతుంది? రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు చెవులు వ్రేలవేసుకొని ముద్దులొలుకుతుంది. ఇంటిల్లిపాదీ చేతులమీద ఎత్తుకొంటారు. ఏడాది తిరిగేసరికి అది ముప్పది కిలోల జంతువు. దాని రక్తంలో పని ఉన్నది. ఇంటిలో పని లేదు. కనుక అది తానే పని కల్పించుకొంటుంది. పిల్లలు పరుగెత్తితే చుట్టుముడుతుంది, మడమలు పట్టుకొంటుంది. సైకిలు వెంట, మోటారు వెంట పడుతుంది. వచ్చిన చుట్టాలు వేర్వేరు గదులలో కూర్చుంటే అందరినీ ఒకచోటికి చేర్చేదాకా తిరుగుతుంది. గోడను గట్టుగా భావించి రోజంతా దాని వెంబడే నడుస్తుంది. యజమాని దీనిని పిచ్చి అంటాడు, పొగరు అంటాడు. గొలుసు వేస్తాడు. గొలుసు వలన మొరుగు పెరుగుతుంది. మొరుగు వలన దెబ్బ. దెబ్బ వలన కరుపు. చివరకు ఒకనాడు దానిని బండిలో ఎక్కించి ఊరి వెలుపల దించివస్తారు.

ఇచ్చట నన్నయ భారతం తెలిసిన విద్యార్థికి ఒక ఘట్టం జ్ఞప్తికి రాక మానదు. జనమేజయుని తమ్ములు యజ్ఞశాలవద్ద ఆడుకొంటున్న సారమేయుని నిష్కారణంగా కొడతారు. సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. తప్పు ఉన్నదో లేదో విచారించకుండ, సాధువులకు కీడు చేసేవారికి ఎదురుచూడని భయాలు వచ్చిపడతాయని హెచ్చరిస్తుంది. తెలుగు భారతం దాదాపు తొలి అడుగులోనే ఒక కుక్కకు జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించడం గమనింపదగిన విషయం. తోలేజాతి కుక్క తోలడం తప్పు కాదు. పని లేని ఇంటిలో పనివానిని కట్టివేయడమే తప్పు.

చట్టంకూడా ఈ మాటనే చెబుతున్నది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి దరిమిలా 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆకలి దప్పులకు గురి అయ్యేట్లు పెంపుడు జంతువును వదలిపెట్టడం ఆ చట్టంలోని 11వ విభాగం క్రింద నేరం. మొదటి తప్పుకు శిక్ష పది రూపాయలకు తగ్గకుండ, యాభై రూపాయలకు మించకుండ జరిమానా. ఆనాటికి అది కొంత మొత్తమే. ఈనాడు ఆ భయం ఎవరినీ ఆపలేదు. ఆపవలసినది మనస్సాక్షియే.

ఇట్లా వీధిని పడిన కుక్కలను చేరదీసే సంస్థలు కొన్ని ఉన్నవి. చెన్నైలో 1959లో కెప్టెన్ సుందరం నెలకొల్పిన బ్లూక్రాస్, హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్, విశాఖలో 1996లో మొదలైన జంతు సంరక్షణ సంఘం వీటిలో ప్రసిద్ధమైనవి. ఇట్టి ఆశ్రయాలకు చేరే కుక్కలలో వీధికుక్కలతోబాటు ఒకప్పుడు వెలపెట్టి కొన్న కుక్కలుకూడా ఉంటవి. వాటిని తిరిగి మంచి ఇళ్లకు దత్తత ఇవ్వడం ఈ సంస్థల పనులలో ఒకటి. కాని పిల్లలను అడిగినంతమంది పెద్దవాటిని అడగరు. కారణం మన సామెతయే: మొక్కై వంగనిది మానై వంగునా?

సామెతలు అనుభవంనుంచి పుట్టినవే. అయినా ప్రతి సామెతా ప్రతి ప్రాణికీ వర్తించదు. జర్మనీ గొర్రెలకుక్కల చరిత్రయే దీనికి జవాబు. 1899 ఏప్రిల్ నెలలో కార్ల్‌స్రూహే నగరంలో జరిగిన ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఒక కుక్కను చూచి అక్కడికక్కడే కొన్నాడు. దాని పేరు హెక్టార్. అది 1895 జనవరిలో పుట్టినది. అనగా అప్పటికి నాలుగేళ్లు నిండిన ప్రాయపు కుక్క. వేరొకరి ఇంటిలో, వేరొక పేరుతో మసలినది. స్టెఫానిట్జ్ దానికి హోరాండ్ అని కొత్త పేరు పెట్టి, ఆ నెలలోనే ఆ జాతికి ఒక సంఘాన్ని స్థాపించి, దానిని మొదటి కుక్కగా నమోదు చేశాడు. ఇల్లూ పేరూ మారిన ఆ పెద్దకుక్కయే ప్రపంచంలోని అల్సేషియన్లన్నింటి వంశానికి ఆద్యం. ఇక నేర్పు సంగతి. జర్మనీలోని రికో అనే బార్డర్ కోలీ రెండువందలకు పైగా వస్తువులను పేరుపెట్టి అడిగితే తెచ్చేదని, కొత్త పేరును ఒక్కసారి విని ఊహించగలిగేదని లైప్‌జిగ్ పరిశోధకులు 2004లో ప్రకటించారు. అప్పటికి దాని వయస్సు తొమ్మిదేళ్లు. మాను వంగకపోవచ్చును, కుక్క మాను కాదు.

అయితే వంచే పద్ధతి తెలియాలి. పూతలపట్టులో ఒక ఉపాధ్యాయుని ఇల్లు ఉన్నదనుకొందాము. పెరడు, రెండు ఆవులు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. చెన్నైలోని ఒక ఆశ్రయంనుంచి అయిదేళ్ల అల్సేషియన్‌ను వారు తెచ్చుకొన్నారనుకొందాము. అది రాగానే ఏమి చేస్తుంది? సాధారణంగా ఏమీ చేయదు. మూలకు పోయి పడుకొంటుంది. తినదు. కన్నెత్తి చూడదు. చూచినవారు ‘ఎంత సాధువో!’ అంటారు. అది సాధుత్వం కాదు, దిగ్భ్రాంతి. తెలియని వాసనలు, తెలియని గొంతులు. ఆ రోజులలో దానికి కావలసినది ప్రేమ ప్రదర్శన కాదు, ఏకాంతం. ఇరుగుపొరుగువారిని పిలిచి చూపడం, పిల్లలు మీదపడి నిమరడం, స్నానం చేయించడం, ఇవన్నీ తరువాత. ఒక మూల, ఒక గోనెపట్టా, నీళ్ల గిన్నె, వేళకు తిండి. ఇంతకుమించి ఏమీ వద్దు. అది తానై లేచివచ్చి చేతిని వాసన చూచేదాకా చేయి చాచకూడదు.

అనుభవజ్ఞులు ఒక లెక్క చెబుతారు. మూడు రోజులలో భయం తగ్గుతుంది. మూడు వారాలలో ఇంటి పద్ధతి తెలుస్తుంది. మూడు నెలలలో ఇల్లు తనదవుతుంది. ఇది శాస్త్రసూత్రం కాదు. కొన్నింటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దాని అసలు స్వభావం రెండవ మూడవ వారాలలో బయటపడుతుంది. ఆవులను చూచి పొంచి నిలుచుంటుంది, పిల్లలను చుట్టుముడుతుంది, రాత్రి చప్పుడుకు ఇల్లెగిరిపోయేట్లు మొరుగుతుంది. చాలామంది ఓపిక ఇక్కడనే తెగిపోతుంది. నిజానికి ఆ కుక్క చెడిపోలేదు. భయం తీరి, తానెవరో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు దానితో మాటలాడాలి. ఇక్కడ భాషా సమస్య ఒకటి ఉన్నది. చెన్నైలో పెరిగిన కుక్కకు ‘ఉక్కారు’ అంటేనో ‘సిట్’ అంటేనో కూర్చోవడం తెలిసి ఉండవచ్చు. ‘కూర్చో’ అంటే తెలియదు. అది మొండితనం కాదు. ముందు కొత్త మాట చెప్పి, వెంటనే పాత మాట చెప్పి, కూర్చున్నప్పుడు ఒక ముక్క పెట్టాలి. కొన్నాళ్లకు పాత మాట అక్కరలేకనే కూర్చుంటుంది. పేరు మార్చడానికీ ఇదే ఉపాయం. తమిళకావ్యాన్ని తెలుగు చేసిన కవి పేరులో నిలిచిన ఊరికి ఇట్టి అనువాదం కష్టం కారాదు. ఇంటిలో అందరూ ఒకే మాట వాడాలి. తండ్రి ‘రా’ అని, తల్లి ‘ఇటు’ అని, పిల్లలు ఈల వేసి పిలిస్తే ఏ విద్యార్థికి పాఠం వస్తుంది?

మాట తరువాత పని. ఉదయమూ సాయంత్రమూ తాడు పట్టుకొని అరగంటకు తక్కువ కాకుండ నడక. అది కూడ రోజూ ఒకే వేళకు. ఆవులవద్దకు మొదట తాడుతోనే, దూరంనుంచే తీసికొనిపోవాలి. చూచి ఊరకున్నప్పుడు మెచ్చుకోవాలి. దాచిన వస్తువును వెదకి తెప్పించడం, వాకిటివద్ద కూర్చుని ఆజ్ఞకు ఎదురుచూడడం, చిన్న సంచి నోట కరచి తేవడం, ఇవి మనకు ఆటలు, దానికి ఉద్యోగం. బుద్ధికి అలసట కలిగిస్తే దేహం తానే శాంతిస్తుంది. కొట్టడం వలన మాత్రం ఏమీ రాదు. దెబ్బ తిన్న కుక్క తప్పును మరచిపోదు, చేతిని గుర్తుంచుకొంటుంది.

ఆరోగ్య విషయంలో అశ్రద్ధ పనికిరాదు. దాని పూర్వచరిత్ర కాగితాలమీద లేకపోతే, టీకాలు ఎప్పుడూ వేయనట్లే భావించి మొదటి వారంలోనే పశువైద్యునికి చూపాలి. తిరుపతిలో 1955లో ఏర్పడిన పశువైద్య కళాశాల, 2005లో నెలకొన్న శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నవి. రేబీస్ టీకా ముఖ్యం. పిడుదుల వలన వచ్చే జ్వరాలు కుక్కలకు ప్రాణాంతకం. అల్సేషియన్లకు తుంటి కీలు అరిగే వ్యాధి సహజం గనుక నడకలో తేడా ఉన్నదేమో చూపించుకోవాలి.

కోలీ జాతుల విషయంలో మరొక హెచ్చరిక అవసరం. గొర్రెలకు, పశువులకు పురుగుల నివారణకై వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు ఎంతో ఉపకారి. దానిని సాధించిన కాంబెల్, ఓమురా అనే శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానం వచ్చింది. కాని కోలీలలోను, వాటి బంధుజాతులలోను కొన్నింటికి పుట్టుకతో ఒక జన్యులోపం ఉంటుంది. ఇతర కుక్కలకు హాని చేయని మోతాదుకూడా వీటి మెదడుకెక్కి మూర్ఛ, మరణం కలిగించవచ్చు. ఈ రహస్యం 2001లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయటపడింది. దొడ్డిలో గొర్రెలకు మిగిలిన మందును కుక్కకు కూడ పోసే అలవాటు మన పల్లెలలో లేకపోలేదు. వైద్యుని అడగకుండ ఆ పని చేయరాదు.

ఎండకూడా ఆలోచించవలసినదే. చలిదేశపు కుక్కకు రెండు పొరల వెండ్రుకలు ఉంటవి. చిత్తూరు వేసవిలో దానిని పగటిపూట తారుబాటమీద నడిపించడం అరికాళ్లు కాల్చడమే. పొద్దు పొడవకముందు, పొద్దు క్రుంకిన తరువాత నడిపించాలి. చల్లదనం కోసమని వెండ్రుకలను మొదలంటా గొరిగించరాదు. ఆ పొరయే దాని చర్మానికి ఎండనుంచి కాపు. తిండికి రాగిసంగటి, మజ్జిగ, గ్రుడ్డు, వేచిన మాంసం పెట్టవచ్చు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు విషతుల్యం. ఉడికించిన ఎముకలు విరిగి ప్రేగులను చీలుస్తాయి.

ఇక పిల్లలు. బడిలో ఉపాధ్యాయులు చెప్పదగిన పాఠం ఇది. తోలేజాతి కుక్కముందు కేకలు వేస్తూ పరుగెత్తితే అది తరుముతుంది. అది దాని జాతి విద్య. అప్పుడు చెట్టువలె నిలిచిపోవాలి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను తాకరాదు. కొత్తగా వచ్చిన కుక్కవద్ద చిన్నపిల్లలను ఒంటరిగా విడువరాదు. ఏ కుక్క కరచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటిక్రింద పదిహేను నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవాలి. సున్నం, కారం, పసరు పూయడం కాలహరణం. రేబీస్ లక్షణాలు కనిపించిన తరువాత దాదాపు చికిత్స లేదు. ముందుగా వేసికొన్న టీకా మాత్రం కాపాడుతుంది.

ఇంత చెప్పిన తరువాత ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. ఈ పని అందరిదీ కాదు. పగలంతా తాళం పడే ఇల్లు, నడిపించే తీరిక లేని ఇల్లు, ఇంటిలో ఒకరికైనా ఇష్టంలేని ఇల్లు తోలేజాతి కుక్కకు తగదు. జాలి గొప్ప గుణమే, కాని జాలి ఒక్కరోజులో పుడుతుంది. పెంపకానికి పది సంవత్సరాలు కావాలి. తొందరపడి తెచ్చుకొని, నెలకు విసిగి తిరిగి పంపివేయడం ఆ కుక్కకు మొదటి నష్టంకంటె ఎక్కువ నష్టం. ఒకసారి ఇల్లు కోల్పోయినది మనుష్యులను మరల నమ్మగలదు. పలుమార్లు కోల్పోయినదానికి ఆ నమ్మకం ఎంతో కష్టం. కనుక ప్రశ్న ‘ఆ కుక్క మారుతుందా?’ అన్నది కాదు, ‘మనము నిలుస్తామా?’ అన్నది.

మహాప్రస్థానానికి బయలుదేరిన పాండవుల వెంట ఒక కుక్క నడిచింది. దానిని ధర్మరాజు పిల్లనుంచి పెంచలేదు. దాని పేరు ఏమిటో భారతం చెప్పదు. త్రోవలో ద్రౌపది పడిపోయింది, తమ్ములు పడిపోయినారు. అది మాత్రం వెనుకనే వచ్చింది. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినప్పుడు, నమ్మి వెంటవచ్చినదానిని విడిచి స్వర్గం అక్కరలేదన్నాడు ధర్మరాజు. ఆయనకు అప్పటికి దాని నిజరూపం తెలియదు. తెలిసినది ఒక్కటే: అది నమ్మి వచ్చింది.

పూతలపట్టు బాటమీద చీకటిపడే వేళకు మంద చేనికి చేరుతుంది. కాపరి కుక్క గట్టున చోటు చూచుకొని పడుకొంటుంది. ఆ చేను నిన్నటిది కాదు, రేపటిదీ కాదు. అయినా అది నిశ్చింతగా తల వాల్చుతుంది. తన మనిషి అక్కడ ఉన్నాడు. తన పని అక్కడ ఉన్నది. ఇల్లు మారిన ఏ కుక్కకైనా మనము ఇవ్వవలసినవి ఆ రెండే.